వైజాగ్ వేడిలో హెచ్‌పీ5 ప్లస్: ఇంట్లో కడిగితే ఎమల్షన్ ఎంత తట్టుకుంటుంది?

బాత్రూమ్‌లోనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడుక్కుందామనుకునే వైజాగ్ వాళ్లు మొదట ఏ రోలు కొనాలని అడిగితే నేను ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ పేరే చెప్తాను. 1989లో వచ్చిన 400 స్పీడ్ (వెలుతురుకి స్పందించే వేగం) ఫిల్మ్ ఇది. ఫిషింగ్ హార్బర్‌లో మిట్టమధ్యాహ్నం ఎండ, పడవల కింద చీకటి ఒకే ఫ్రేములో పడినా రెండు చోట్లా వివరం మిగులుతుంది. మబ్బు రోజుల్లో కాస్త చప్పగా వస్తుంది, ధర కూడా తక్కువేం కాదు. అయినా నాకు ఇది నచ్చింది ఎమల్షన్ గట్టిగా ఉంటుందనే.

ఎమల్షన్ అంటే జెలటిన్‌లో కలిపిన వెండి లవణాలు. జెలటిన్ తడిస్తే ఉబ్బుతుంది, వేడికి మెత్తబడుతుంది. మే నెలలో మా ఎంవీపీ కాలనీలో మేడ మీద ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటేస్తాయి, డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే ద్రావణం) ఎంతసేపు ఉంచాలో చెప్పే పట్టికలేమో 20 డిగ్రీల లెక్కతో ఉంటాయి. దాంతో చాలామంది డెవలపర్‌ను మాత్రం ఐసులో పెట్టి 20కి దించి, ఫిక్సర్‌ను (తేలిన బొమ్మను నిలబెట్టే ద్రావణాన్ని) గది వేడికే వదిలేసి, చివర్లో ఫిల్మ్‌ను నేరుగా కుళాయి కింద పెట్టేస్తారు. అసలు చిక్కంతా ఇక్కడే. ఒక్కసారిగా పది డిగ్రీలు మారితే జెలటిన్ ముడుచుకుని, ఎండిన చెరువు అడుగులా బీటల గీతలు పడతాయి. దాన్నే రెటిక్యులేషన్ అంటారు. ఇప్పటి ఫిల్ములను ఫ్యాక్టరీలోనే గట్టిపరుస్తారు కాబట్టి అంత దారుణం అరుదే గానీ, గ్రెయిన్ (బొమ్మలో కనిపించే వెండి రేణువులు) ముతకబారే ప్రమాదం మాత్రం ఉంది.

నా సలహా, 20 కోసం వెంపర్లాడకండి. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, ఐసు ముక్కల్ని ఆ టబ్బులోనే వేసి, డెవలపర్, స్టాప్ (డెవలపర్ పనిని ఆపేది), ఫిక్సర్ బాటిళ్లతో పాటు కడిగే నీళ్ల క్యాను కూడా అందులోనే పెట్టి అన్నిటినీ 24 దగ్గరికి తీసుకురండి. డీ-76 అనే డెవలపర్‌ని సగానికి సగం నీళ్లు కలిపి వాడితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు పట్టేది, 24 దగ్గర ఏడున్నర నిమిషాల చుట్టుపక్కల సరిపోతుంది. 5 నిమిషాల లోపుకి మాత్రం దిగకూడదు, డెవలప్‌మెంట్ ఎగుడుదిగుడుగా వస్తుంది. ఇక ఫిక్సర్ అయ్యాక నీళ్లతో కడగడానికి ఇల్‌ఫర్డ్ పద్ధతే మనకు బాగా పనికొస్తుంది. ఫిల్మ్ ఉన్న డెవలపింగ్ ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులుగా తిప్పి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు. మొత్తం మూడు ట్యాంకుల నీళ్లే కాబట్టి చల్లబరచడం తేలిక. హార్డెనర్ (జెలటిన్‌ను గట్టిపరిచేది) కలిపిన ఫిక్సర్ వాడితే ఇది చాలదు, ఇంకా ఎక్కువసేపు కడగాలి.

మచ్చలు పడితే వెంటనే ఫిల్మ్‌ను తిట్టుకోకుండా నెగటివ్‌ను లైటుకి పెట్టి చూడండి. గుండ్రంగా తేటగా ఉన్న చుక్కలు సాధారణంగా గాలి బుడగలవి, డెవలపర్ పోయగానే ట్యాంకును గట్టిగా నేలకేసి తడితే పోతాయి. నెలవంక లాంటి గుర్తులు రీలుకి (ట్యాంకులో ఫిల్మ్ చుట్టి పెట్టే చట్రానికి) ఎక్కించేటప్పుడు ఫిల్మ్ మడత పడ్డందుకు. మన ఉక్కపోతకి ఛేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరని సంచిలో) చేతులు చెమర్చి ప్లాస్టిక్ రీలుకి ఫిల్మ్ అతుక్కుపోతుంది, అందుకే రీలు పూర్తిగా పొడిగా ఉండాలి, వీలైతే ఏసీ గదిలో ఎక్కించండి. నెగటివ్ పాలలా మసకగా ఉంటే ఫిక్సింగ్ చాలలేదని అర్థం, తాజా ఫిక్సర్‌లో మళ్లీ వేస్తే సరిపోతుంది. కొత్త రోలు మొదలుపెట్టే ముందు ఫిల్మ్ కొసను చిన్న ముక్క కత్తిరించి ఫిక్సర్‌లో వేయండి, అది తేటపడటానికి పట్టిన టైముకి రెట్టింపు ఫిక్స్ చేయండి.

బోరు నీళ్ల ఇళ్లలో ఆరబెట్టాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేసి, వెట్టింగ్ ఏజెంట్ (నీరు చుక్కలు కట్టకుండా జారేలా చేసేది) కొద్ది చుక్కలే వేయండి, ఎక్కువైతే అదే మరక చేస్తుంది. తడి ఎమల్షన్‌ను వేళ్లతో గానీ వైపర్‌తో గానీ తుడవొద్దు, ఒక్క ఇసుక రేణువు చాలు రోలంతా గీత పడటానికి. ఫ్యాన్ ఆపి, బాత్రూమ్ తలుపు వేసి వేలాడదీయండి. వర్షాకాలంలో ఆరడానికి చాలాసేపు పడుతుంది, తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి.

కొనేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ చూడండి. నగరంలో ఒక షాపులో ఎండ పడే అద్దాల షెల్ఫులో ఫిల్మ్ రోళ్లు పెట్టి అమ్మడం చూశాను, అలాంటి చోట ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. ఇంట్లో ఫ్రిజ్‌లో దాచుకోండి, వాడేముందు బయటికి తీసి రెండు గంటలైనా ఆగాకే డబ్బా మూత తెరవండి. లేకపోతే మన ఊరి తేమంతా చల్లటి ఎమల్షన్ మీదే నీరుగా చేరుతుంది.