బయటికి తిరిగే కన్ను: ఆపరేషన్ ఒక కంటికా, రెండు కళ్లకా?

పిల్లవాడికి ఎడమ కన్ను ఒక్కటే బయటికి పోతుంటే వైద్యులు రెండు కళ్లకూ ఆపరేషన్ చేయాలంటున్నారని, బాగున్న కంటిని ఎందుకు ముట్టుకోవాలని తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. మరికొందరిది సరిగ్గా దీనికి ఎదురు ప్రశ్న: తెలిసినవారి అమ్మాయికి రెండు కళ్లకూ చేశారు, మావాడికి ఒక కంటికే చేస్తామంటున్నారు, అంటే సగం వైద్యమే జరుగుతోందా? రెండు అనుమానాలకూ మూలం ఒకటే కాబట్టి రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. ఇక్కడ ప్రధానంగా మాట్లాడేది అప్పుడప్పుడు బయటికి జారి మళ్లీ సర్దుకునే మెల్లకన్ను గురించి. అలసినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, పరధ్యానంగా దూరం చూస్తున్నప్పుడు కన్ను జారుతుంది. ఎండలోకి రాగానే పిల్లవాడు ఆ కన్ను మూసేస్తాడు. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయే ఇళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి గాని, ఆ అదృష్టం సంగతి పక్కన పెడదాం.

మొదటి పద్ధతిలో రెండు కళ్లలోనూ బయటి కండరాన్ని దాని స్థానం నుంచి విడదీసి, కొంత వెనక్కి జరిపి కుడతారు. రెండో పద్ధతిలో ఒకే కంటిలో బయటి కండరాన్ని వెనక్కి జరిపి, లోపలి కండరంలో కొంత భాగాన్ని కత్తిరించి పొట్టిచేసి బిగిస్తారు. సుమారు 25 ప్రిజం డయాప్టర్ల (కన్ను ఎంత పక్కకు జారిందో చెప్పే కొలమానం) మెల్లకన్ను ఉందనుకుంటే, మొదటి పద్ధతిలో ఒక్కో కండరం దాదాపు 6 మిల్లీమీటర్లు వెనక్కి వెళుతుంది. రెండో పద్ధతిలో బయటి కండరం 6 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్లి, లోపలి కండరం 5 మిల్లీమీటర్ల మేర పొట్టిదవుతుంది. ఈ కొలతలు వైద్యుని అనుభవాన్ని బట్టి కొద్దిగా మారతాయి. రెండింటిలోనూ కత్తి కంటిగుడ్డు లోపలికి వెళ్లదు, కంటిగుడ్డును బయటికి తీయడం అసలే ఉండదు.

ఇక మొదటి అనుమానం. మెల్లకన్ను ఒక కంటిలో కనిపించినా అది రెండు కళ్ల మధ్య పొత్తు చెడటం వల్ల వచ్చినదే. పిల్లవాడు ఏ కంటితో చూడటానికి ఇష్టపడతాడో అది తిన్నగా ఉంటుంది, రెండోది పక్కకు పోతుంది. తిన్నగా ఉన్న కంటిని చేతితో మూస్తే చాలామందిలో పాత్రలు తారుమారవుతాయి. కనుక రెండు కళ్లకూ చేయడం బాగున్న కంటికి అపకారం కాదు. ఆ పద్ధతికి తనవైన సుగుణాలు కూడా ఉన్నాయి. ఏ కండరాన్నీ కత్తిరించి పారవేయరు, లోపలి కండరాన్ని బిగించరు కాబట్టి రెప్పల మధ్య సందు ఇరుకు కాదు, కుడికి చూసినా ఎడమకు చూసినా రెండు కళ్లూ సమానంగా కదులుతాయి. ఒక కంటి పద్ధతిలో బిగించిన లోపలి కండరం వైపు ఎరుపు, వాపు ఎక్కువ రోజులు ఉంటాయి, ఆపరేషన్ జరిగిన కన్ను బయటి వైపుకు పూర్తిగా తిరగక కొన్నాళ్లు ఆ వైపు చూసినప్పుడు రెండుగా కనిపించవచ్చు.

ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే ముందు వైద్యులు చూసేది దూరపు, దగ్గరి కొలతల మధ్య తేడా. దూరంగా చూసేటప్పుడు కన్ను బాగా జారి, దగ్గర పుస్తకం చూసేటప్పుడు తక్కువగా జారితే, రెండు కళ్ల బయటి కండరాలనూ సడలించడమే సంప్రదాయంగా వస్తున్న మార్గం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు పిల్లలు దగ్గరి వస్తువు చూసేటప్పుడు బలంగా కళ్లను లోపలికి లాగి ఉంచి అసలు జారుడును దాచేస్తారు. అందుకే ఒక కంటిని గంటసేపు మూసి, రెండు కళ్లనూ కలిసి చూడనివ్వకుండా మళ్లీ కొలిస్తే దగ్గరి జారుడు కూడా బయటపడుతుంది. ఈ పరీక్ష చేయకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేస్తే, ఎందుకు చేయలేదని అడగడంలో తప్పు లేదు.

దూరం, దగ్గర కొలతలు ఇంచుమించు సమానంగా ఉన్న పిల్లల దగ్గరే అసలు వివాదం. అమెరికాలోని పిల్లల కంటి వైద్యుల పరిశోధక బృందం 3 నుంచి 10 ఏళ్ల వయసున్న 197 మంది ఇలాంటి పిల్లలను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి, మూడేళ్ల ఫలితాలను 2019లో ప్రకటించింది. తృప్తికరం కాని ఫలితం వచ్చే అవకాశం రెండు కళ్ల పద్ధతిలో 46 శాతం, ఒక కంటి పద్ధతిలో 37 శాతంగా తేలింది. గణాంక శాస్త్రం దృష్టిలో ఈ తేడా నిశ్చయమైనది కాదు కాబట్టి రెండూ సమానమేనని వైద్యులు చెబితే అది నిజమే. ఈ అంకెల్లో నన్ను ఆపింది మాత్రం ఆ తేడా కాదు. ఏ పద్ధతిలోనైనా మూడేళ్లు తిరిగేసరికి మూడో వంతుకు మించిన పిల్లలు అనుకున్న చోట లేరన్న సంగతి. కన్ను బయటికి జారే స్వభావం ఆపరేషన్‌తో పోదు, అణుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో కొద్దికొద్దిగా తిరిగి వస్తుంది.

ఆ మాటను మొదటే ఒప్పుకుంటే ప్రశ్న స్వరూపం మారిపోతుంది. రెండో ఆపరేషన్ అవసరం పడితే చేయడానికి ఏం మిగిలి ఉంటుంది అన్నదే నా దృష్టిలో నిర్ణాయకం. ఒక కంటి పద్ధతిలో రెండో కంటి కండరాలు ఎవరూ ముట్టనివిగా ఉంటాయి. వాటి మీద కొలతలు నమ్మకంగా పనిచేస్తాయి, మచ్చకట్టిన కణజాలాన్ని విడదీసే కష్టం ఉండదు. రెండు కళ్ల బయటి కండరాలూ ఒకేసారి వాడేసినవారికి లోపలి కండరాలు మిగిలే ఉంటాయి గనుక దారి మూసుకుపోదు గాని, మొదటి ఆపరేషన్‌తోనే రెండు కళ్లూ కత్తి చూసినవి అవుతాయి. అందువల్ల దూరం, దగ్గర సమానంగా ఉన్న పిల్లల విషయంలో, ఒక కన్నే ఎక్కువగా జారుతుంటే మరీ ముఖ్యంగా, నా మొగ్గు ఒక కంటి పద్ధతి వైపే.

పద్ధతి ఏదైనా ఆపరేషన్‌కు చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. తర్వాత జరిగే జారుడును దృష్టిలో పెట్టుకుని వైద్యులు మొదటి రోజుల్లో కన్ను కొంచెం లోపలికి తిరిగి ఉండేలా చూస్తారు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు కొన్ని రోజులు రెండుగా కనిపిస్తోందని ఫిర్యాదు చేస్తాడు, అంతటితో పోతుంది. మూడేళ్ల బిడ్డ ఆ మాట చెప్పడు. అతని మెదడు లోపలికి తిరిగిన కంటి బొమ్మను తోసిపుచ్చడం నేర్చుకుంటే, రెండు కళ్లతో లోతు తెలుసుకునే శక్తి దెబ్బతిని చూపు కూడా మందగించవచ్చు. కన్ను రోజులో ఎక్కువ భాగం తిన్నగానే ఉంటే నాలుగేళ్లలోపు తొందరపడకపోవడం మంచిదని చాలామంది అనేది ఇందుకే. వైద్యం చేయకుండా గమనిస్తూ వచ్చిన 3 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో మూడేళ్లకు పరిస్థితి ముదిరినవారు సుమారు 15 శాతమేనని అదే బృందం చూసింది.

పెద్దవారి విషయంలో తీర్పు ఇంత కష్టం కాదు. ఒక కంటికి చూపు తగ్గి అది బయటికి పోయినవారికి ఆ కంటికే చేస్తారు. బాగా చూసే ఒకే ఒక్క కంటిని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకోనివ్వకూడదు. రెండు కళ్లూ బాగా చూసేవారికి ముందుగా ప్రిజం (కాంతిని పక్కకు వంచే గాజు పట్టకం) పెట్టి, కన్ను తిన్నగా అయితే రెండుగా కనిపిస్తుందో లేదో పరీక్షిస్తారు. పెద్దలకు ఉన్న ఒక సౌకర్యం సర్దుబాటు కుట్టు: ముడి పూర్తిగా బిగించకుండా ఉంచి, మత్తు దిగాక మనిషిని కూర్చోబెట్టి, చుక్కల మందు వేసి, కన్ను ఎక్కడుందో చూసి కుట్టును సరిచేస్తారు. దీనివల్ల ఫలితాలు తప్పక మెరుగవుతాయని పెద్ద ప్రయోగాలు ఇంకా తేల్చలేదు. అయినా ముందే ఆపరేషన్ అయినవారికి ఇది అడిగి చేయించుకోదగినదే. వయసు మీరాక ఇదంతా అందం కోసమేనన్న మాట సరికాదు. పెద్దయ్యాక చేయించుకున్నవారిలో కూడా రెండు కళ్లూ కలిసి చూడటం మెరుగుపడటం కద్దు.

మిగిలిన మార్గాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. బొటాక్స్ సూది లోపలికి తిరిగే కంటిలో ఇచ్చినంత ఫలితం దీనిలో ఇవ్వదు. అవసరానికి మించిన మైనస్ అద్దాలు పెట్టుకున్నంతకాలం కన్ను అదుపులో ఉంటుంది, మానేశాక ఆ మేలు నిలవదు, పైగా కొందరిలో దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం పెరుగుతుందని 2021లో వెలువడిన మరో ప్రయోగం చూపింది. పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెచ్చి చూసే వ్యాయామం దగ్గర చూసేటప్పుడే కన్ను జారేవారికి ఎంతో కొంత ఉపయోగపడవచ్చు, మిగిలినవారికి కాలక్షేపం.

ఒక వర్గాన్ని విడిగా చెప్పాలి. చిన్నప్పుడు లోపలికి తిరిగిన కంటికి ఆపరేషన్ అయి, ముప్పై నలభై ఏళ్లు వచ్చాక అదే కన్ను బయటికి పోయేవారు ఉన్నారు. వీరికి పై రెండు పద్ధతులూ ఉన్నవి ఉన్నట్టుగా వర్తించవు. అప్పట్లో వెనక్కి జరిపిన లోపలి కండరం జారిపోయి ఉంటే దాన్ని వెతికి ముందుకు తెచ్చి కుట్టడమే మొదటి పని. ఏ కండరాన్ని ఎన్ని మిల్లీమీటర్లు జరిపారో రాసిన పాత కాగితం దొరికితే వైద్యునికి సగం పని తప్పుతుంది. దొరకకపోతే కండరాన్ని కంటితో చూశాకే, ఆపరేషన్ బల్ల మీదే నిర్ణయం జరుగుతుంది, కాబట్టి అలాంటప్పుడు ముందుగా ఒకే పద్ధతి పేరు చెప్పమని వైద్యుణ్ని పట్టుబట్టకూడదు.