లేత గోధుమ రంగు చూసి జనపనార అనుకోకండి

నేచురల్ డెకార్ పేరుతో అమ్మే తివాచీలు, వెదురు సోఫాలు, లినెన్ కర్టెన్లు కొనబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. మేం రూ. 62,100 పెట్టి మోసపోయాం.

పోయిన ఏడాది మార్చిలో మియాపూర్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. ఇద్దరం ఉద్యోగస్తులమే, రోజంతా స్క్రీన్ ముందే గడిచిపోతుంది. ఇంటికొస్తే కళ్లకు హాయిగా ఉండాలని గోడలకు గంజి రంగు వేయించాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో నులక మంచం, ఈతాకు చాప, మట్టి కూజా తప్ప ఏమీ ఉండేవి కావు. అయినా ఆ వసారాలో కూర్చుంటే మనసు కుదుటపడేది. మా హాలు కూడా అలా ఉండాలనుకున్నాను. నగరంలోనే ఒక షోరూమ్‌లో జూట్ (జనపనార) తివాచీ రూ. 14,500, వెదురు సోఫా, రెండు కుర్చీలు కలిపి రూ. 38,000, లినెన్ కర్టెన్లు రూ. 9,600 పెట్టి తీసుకున్నాం.

జులైలో వానలు మొదలయ్యాక సోఫా కింద రోజూ పొద్దున్నే పసుపు పచ్చని పిండి కనిపించేది. పనిమనిషి సరిగా ఊడవడం లేదనుకుని ఆమెను రెండుసార్లు అడిగాను కూడా, పాపం. ఒకరోజు కుర్చీ తిరగేసి చూస్తే కాళ్ల నిండా గుండుసూది గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు. చేత్తో తడితే పిండి జలజలా రాలింది. లోపల పురుగు తొలిచేస్తోంది.

వెదురులో పిండిపదార్థం ఎక్కువ. ఈ పురుగుకు అదే తిండి. అందుకే కొట్టిన వెదురును బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, బాగా ఆరబెట్టాకే సామాన్లు చేయాలి. పాతకాలంలో చెరువు నీళ్లలో వారాల తరబడి నానేసేవాళ్లు, ఆ పిండి నీళ్లలోకి దిగిపోయేది. మా ఊళ్లో బుట్టలు అల్లే మేదరి పెద్దాయన్ను అడిగితే ఫోటో చూడగానే చెప్పాడు, "ఇది నానేసింది కాదమ్మా, పచ్చిది కొట్టి వార్నిష్ పూసేశారు" అని. పైన పూసిన వార్నిష్ లోపలి పురుగును ఆపలేదు. సోఫా నుంచి పక్కనున్న వెదురు బుట్టకూ పాకింది.

షోరూమ్‌కు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "నేచురల్ ప్రొడక్ట్ కదా మేడమ్, పురుగు రావడం నేచురలే." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

తివాచీ సంగతి నవంబర్‌లో బయటపడింది. శుక్రవారం అత్తయ్యగారు సాంబ్రాణి వేస్తుంటే నిప్పురవ్వ ఒకటి దాని మీద పడింది. పడినచోట మసి కాలేదు, కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకట్టింది. ఆవిడ ముక్కు మూసుకుని అన్నారు, "ఇది గోనె నార కాదమ్మా. గోనె కాలితే ఈ కంపు రాదు." ధాన్యం బస్తాల మధ్య పెరిగిన మనిషి, ఆ వాసన ఆవిడకు బాగా తెలుసు. అంచు నుంచి రెండు పోగులు లాగి స్టీలు పళ్లెంలో కాల్చి చూశాం. నిజమైన జనపనార అయితే కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే పొడి అయిపోయే బూడిద మిగలాలి. మాది ముడుచుకుని కరిగిపోయింది. అంటే అది ప్లాస్టిక్. కర్టెన్ పోగు కూడా అలాగే కరిగింది. లినెన్ అవిసె నారతో నేసిన బట్ట, అది అలా కరగదు.

బిల్లు తీసి చూస్తే "జూట్ ఫినిష్", "లినెన్ లుక్" అని రాసి ఉంది, అంటే పైకి అలా కనిపించేవి మాత్రమే. కొన్నప్పుడు నేనది చదవలేదు. సేల్స్ అబ్బాయి మాత్రం జూట్ అనే చెప్పాడు, పైగా "నీళ్లతో కడిగేసుకోవచ్చు మేడమ్" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. జనపనార నీళ్లు పీల్చుకుంటుంది, మరకలు పడుతుంది, కొత్తలో కాస్త నూగు కూడా రాలుతుంది. కడిగితే పాడవుతుంది. చుక్క నీళ్లు వేసినప్పుడు పైనే ముత్యాల్లా నిలిస్తే అది చాలావరకు ప్లాస్టిక్కే.

ఈ రంగులతోనే చిక్కు. ఎరుపో నీలమో అయితే నార ఎలా ఉందో దగ్గరగా చూస్తాం. లేత గోధుమ, గంధం, మట్టి రంగులు కనపడగానే ఇది ప్రకృతి వస్తువే అని మనసు ముందే ఒప్పేసుకుంటుంది. ఆ రంగుల్లో ప్లాస్టిక్ ఇట్టే కలిసిపోతుంది.

కాబట్టి దయచేసి బిల్లు మీద "100 శాతం జూట్", "బోరాక్స్ ట్రీట్ చేసిన వెదురు" అని రాయించుకోండి. రాయనంటే అక్కడే వదిలేసి వచ్చేయండి. జనపనార వస్తువులకు 2022లో వచ్చిన జూట్ మార్క్ ఇండియా గుర్తు, చేనేతకు 2006 నుంచి ఉన్న హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయేమో చూడండి. నేనిప్పుడు ఆ తివాచీ తీసేసి వరంగల్ జంపఖానా ఒకటి పరిచాను. నూలుది, చేత్తో నేసింది, 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. దానికైన ఖర్చు తివాచీ ధరలో సగం కూడా లేదు.

మోసపోయినవాళ్లు "నో రిటర్న్" అన్న ముద్ర చూసి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బిల్లు, రంధ్రాల ఫోటోలు, వాట్సాప్ చాట్లు అన్నీ దాచిపెట్టుకోండి.

నేను ఫిర్యాదు చేసిన మూడు వారాలకు సోఫా, కుర్చీలు పట్టుకెళ్లి డబ్బు వెనక్కి ఇచ్చారు. తివాచీ, కర్టెన్ల గురించి ఇంకా మాట్లాడటం లేదు. వచ్చే వారం జిల్లా కమిషన్‌లో వేస్తున్నాను. అక్కడ ఏమవుతుందో ఇక్కడే రాస్తాను.