బొటనవేలి కింద స్టెప్నీ

మౌస్‌కు పక్కన రెండు బటన్లు ఎందుకుంటాయో నాకు 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు సరిగ్గా వారం ముందు, రాత్రి పదకొండు గంటలకు తెలిసింది. అప్పటికి ఆ మౌస్ కొని పద్నాలుగు నెలలు. అంటే వారంటీ అయిపోయి రెండు నెలలు.

సెన్సర్ ఏది, డీపీఐ ఎంత అన్నవి ఇక్కడ దొరకవు, అవి డబ్బా మీదే ఉంటాయి. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. నా మౌస్‌కు వచ్చిన జబ్బు ఏ కంపెనీ మౌస్‌కైనా వచ్చేదే. ఎడమ, కుడి, మధ్యలో చక్రం, దాని వెనక ఒక చిన్న బటన్, బొటనవేలి దగ్గర రెండు, మొత్తం ఆరు బటన్లు. వైరు లేదు, ఒక పెన్సిల్ సెల్ వేయాలి. పదహారు వందలు పెట్టి కొన్నాను.

నేను హనుమకొండలో ఇంట్లోనే డీటీపీ చేస్తాను. అంతకు ముందు పన్నెండేళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో చేశాను. పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, దుకాణాల బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు. తెలుగు మ్యాటర్ అంతా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో, డిజైన్ కోరెల్‌లో. కుడి చెయ్యి పొద్దున తొమ్మిదికి మౌస్ మీద పడితే అన్నం తినేటప్పుడే లేస్తుంది. ప్రెస్‌లో ఉన్నన్నాళ్లూ బల్లపరుపుగా ఉండే చవక మౌస్‌లే. చిటికెన వేలు బల్లకు రాసుకుని రాసుకుని అక్కడ చర్మం గట్టిపడిపోయింది. అందుకే ఇంట్లో పని మొదలుపెట్టినప్పుడు, కడుపు కట్టుకుని అయినా ఒక మంచిది కొనాలనుకున్నాను.

కొన్న కొత్తలో కనపడినవాళ్లందరికీ దీన్ని పొగిడాను. ఉంగరం వేలికి కూడా ఆనుకోవడానికి చోటుంది, అరచెయ్యి నిండా కూర్చుంటుంది, ఇంకో మౌస్ ముట్టుకోబుద్ధి కాదు అన్నాను. అబద్ధం కాదు గానీ, కొంచెం సవరించుకోవాలి. నా చెయ్యి చిన్నది. మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొస దాకా పదిహేడు సెంటీమీటర్లకు కాస్త తక్కువే. ఆ చేతికి వెనక బటన్ బొటనవేలి కిందే ఉంటుంది. ముందు బటన్ అందాలంటే మాత్రం చెయ్యి మొత్తం ఒక అంగుళం ముందుకు జరగాలి. షాపులో రెండు నిమిషాలు పట్టుకుని చూస్తే ఇది తెలియదు. మణికట్టు నొప్పి తగ్గిందని కూడా చెప్పాను. తగ్గింది నిజమే, కానీ అదే నెలలో కుర్చీ కూడా మార్చాను. పుణ్యం దేనిదో నాకు తెలియదు.

వెనక బటన్‌కు చేసింది వెనక్కి తీసుకునే కంట్రోల్ జడ్ పెట్టుకున్నాను, ముందు దానికి నకలు తీసే కంట్రోల్ డీ. కోరెల్‌లో ఏదైనా తప్పు చేస్తే బొటనవేలితో టక్ టక్ మని నాలుగు నొక్కులు, నాలుగడుగులు వెనక్కి. ఆ సుఖం చెప్తే అర్థం కాదు. పేజ్‌మేకర్‌లో మాత్రం అదే బటన్ నన్ను వెర్రిదాన్ని చేసింది. ఎప్పుడో 2001లో వచ్చిన 7.0 దగ్గరే ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అది. అన్‌డూ ఒక్క అడుగే. రెండోసారి నొక్కితే, ఇందాక సరిచేసిన తప్పే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అలవాటుగా రెండుసార్లు నొక్కడం, తప్పు తిరిగి రావడం, నేను చూసుకోకపోవడం. ఒక ప్రశ్నపత్రంలో ఆరో ప్రశ్న రెండుసార్లు ఉండిపోయింది అలాగే.

ఇక జాతర సంగతి. రెండేళ్లకోసారి మేడారం వచ్చిందంటే మా దగ్గర గల్లీ గల్లీకి ఫ్లెక్సీలే. పైన సమ్మక్క సారలమ్మల గద్దెలు, పక్కన చేతులు జోడించిన పెద్ద నాయకుడు, కింద వరసగా చిన్న నాయకుల తలకాయలు. ఆ తలకాయలే అసలు పని. ఎవరిదీ ఒకరికంటే చిన్నగా ఉండకూడదు, ఒకరికంటే కిందికి ఉండకూడదు. ఆ రోజు పది అడుగులకు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ, పదకొండు తలకాయలు.

కోరెల్ తెలిసినవాళ్లకు ఇది తెలుసు. బొమ్మ మీద ఒకసారి క్లిక్ చేస్తే చుట్టూ నల్లటి చిన్న చతురస్రాలు వస్తాయి, వాటిని లాగి సైజు మారుస్తాం. ఇంకోసారి క్లిక్ చేస్తే అవి పోయి మూలల్లో వంపు తిరిగిన బాణాలు వస్తాయి, వాటిని లాగితే బొమ్మ తిరుగుతుంది. ఆ సాయంత్రం నేను ఒకసారే క్లిక్ చేస్తున్నాను, బాణాలు వస్తున్నాయి. మూల పట్టుకుని సైజు పెంచుదామని లాగితే తలకాయ తిరుగుతోంది. మొదట నా చెయ్యే వణుకుతోందేమో అనుకున్నాను. నిద్ర లేక మూడు రోజులు. సరే, కంట్రోల్ జడ్ కొట్టుకుంటూ, తిట్టుకుంటూ పని ముగించి ఫైల్ పంపించాను.

మర్నాడు పొద్దున ఫోన్. "అక్కా, అందరి తలకాయలు మంచిగనే ఉన్నయి. నా ఒక్కని మెడ ఎందుకు వంచినవ్?"

చూస్తే నిజమే. కుడి చివర తలకాయ కొద్దిగా పక్కకు ఒరిగింది. స్క్రీన్ మీద తెలియలేదు, పది అడుగుల మీద తెలుస్తోంది. పార్టీ మారడానికి పక్కవాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉన్నాడు పాపం. తప్పు నాది కాబట్టి మళ్లీ ప్రింటు ఖర్చు నేనే పెట్టుకున్నాను. చదరపు అడుగుకు పన్నెండు రూపాయలు, ఎనభై అడుగులకు తొమ్మిది వందల అరవై.

ఆ రాత్రికి ఇంకో నాలుగు ఫ్లెక్సీలు ఇవ్వాలి. కోరెల్ తీసేసి మళ్లీ వేశాను, సిస్టమ్ ఆపి ఆన్ చేశాను. అప్పుడు గమనించాను, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌ను ఒకసారి తాకితే తెరుచుకుంటోంది. ఫైల్ పట్టుకుని లాగితే సగంలో జారి ఎక్కడో పడుతోంది. అంటే నేను ఒకసారి నొక్కితే మౌస్ రెండుసార్లు అనుకుంటోంది. విండోస్‌లో డబుల్ క్లిక్ వేగం మార్చాను, లాభం లేదు. బటన్ సందులో నోటితో గట్టిగా ఊదితే అరగంట బాగుంది, మళ్లీ మొదలు. డబ్బా తీసి చూస్తే కోటి క్లిక్కులకు గ్యారంటీ అని ఉంది. కూర్చుని లెక్క వేశాను. రోజుకు ఆరు వేలనుకున్నా, పద్నాలుగు నెలలకు ముప్పై లక్షలు కూడా దాటదు.

"విండోస్‌లో కుడి ఎడమలు మార్చుకోవచ్చు కదా," అన్నాడు మా ఆయన, టీవీ ముందు నుంచి లేవకుండా. మార్చాను. ఇన్నేళ్లుగా చూపుడు వేలు చేసే పని నడిమి వేలికి చెప్తే అది వినదు. పది నిమిషాల్లో ఉన్న డిజైన్ కూడా చెడగొట్టుకుని మళ్లీ వెనక్కి మార్చేశాను. ఆ సమయానికి హనుమకొండలో ఏ షాపు తెరిచి ఉంటుంది?

అప్పుడు తట్టింది. కంట్రోల్ జడ్‌కు పెట్టుకున్న ఆ వెనక బటన్‌నే ఎడమ క్లిక్ చేసేస్తే? మౌస్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే ఆ జాబితాలో ఎడమ క్లిక్ ఉంది! పెట్టాను. ఒకసారి నొక్కితే ఒకసారే. ఆ నిమిషంలో ఆ మౌస్‌ను కళ్లకద్దుకున్నాను, నిజంగానే. టైరు పంక్చరైతే డిక్కీలోంచి స్టెప్నీ తీసినట్టు, మౌస్ తన స్టెప్నీని తన పక్కనే పెట్టుకుని తిరుగుతోంది, నాకే తెలియదు.

స్టెప్నీ మీద ఎంత హాయిగా పోతామో అంతే హాయి, అది కూడా చెప్పాలి. ఎడమ బటన్‌ను పైనుంచి కిందికి నొక్కుతాం కాబట్టి మౌస్ కదలదు. బొటనవేలితో పక్కనుంచి నొక్కితే మౌస్ మొత్తం కుడివైపు ఓ వెంట్రుకంత జరుగుతుంది. అటువైపు ఉంగరం వేలు, చిటికెన వేలు గట్టిగా ఆనించి పట్టుకోవాలి. నొక్కిపట్టి లాగడమైతే ఇంకా కష్టం. తలకాయలను దగ్గర దగ్గరగా మౌస్‌తో తెచ్చి, ఆ తర్వాత కీబోర్డు బాణాలతో ఒక్కో అడుగు జరిపి వరస కుదిర్చాను. రెండున్నరకు అయిపోయింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి వచ్చింది. సిస్టమ్ మళ్లీ లేచాక బొటనవేలితో నొక్కితే క్లిక్ అవడం లేదు, గుండె ఆగినంత పనైంది. ఆ సాఫ్ట్‌వేర్ లేచేదాకా బటన్‌కు తన కొత్త ఉద్యోగం గుర్తుండదట. నేను పెట్టుకున్నవన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి, మౌస్‌లో ఉండవు. ప్రింటింగ్ వాళ్ల దగ్గరకు మౌస్ పట్టుకుపోయి వాళ్ల సిస్టమ్‌కు పెడితే పక్క బటన్లు మామూలుగా ముందుకీ వెనక్కీ పేజీలు తిప్పుతాయి, అంతే. కొనేటప్పుడు అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న ఉంటే అది ఇదే: సెట్టింగులు మౌస్‌లోనే దాచుకుంటుందా, లేదా? కొన్ని దాచుకుంటాయి. నాది దాచుకోదు.

జాతర అయిపోయాక సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కుర్రాడి దగ్గరకు తీసుకుపోయాను. కింద కాళ్లకు అంటించిన నున్నటి ముక్కలు గోటితో లేపాడు, స్క్రూలు వాటి కింద ఉంటాయి. లోపల ఎడమ బటన్ కింద చింతగింజంత నల్లటి పెట్టె. దాని మూత తీసి భూతద్దం లైటు కింద చూపించాడు. విల్లులా వంచిన సన్నటి రాగి రేకు. నొక్కినప్పుడల్లా అది ఎగిరి కింది బొడిపెను తాకుతుంది. రేకు అలసిపోయినా, తాకేచోట మసి పట్టినా ఒక నొక్కుకు రెండుసార్లు తాకినట్టు అవుతుంది.

"కొత్త స్విచ్ తెప్పిస్త గానీ నాల్గు రోజులు పడ్తది అక్కా," అన్నాడు. "కుడి దిక్కుదీ గిదీ ఒక్కటే. అటుది ఇటు, ఇటుది అటు ఏస్త. కుడి క్లిక్కుతోని నీకంత పనేముంటది?"

"ఏసెయ్ తమ్మీ," అన్నాను. నూట యాభై తీసుకున్నాడు. కింది ముక్కలు మాత్రం మునుపటిలా అంటుకోలేదు. ఒకటి ఎక్కడో పడిపోయింది, ఇప్పటికీ మౌస్ ఒక మూల కొద్దిగా కుంటుతుంది. కానీ ఎడమ క్లిక్ ఇవాళ్టి దాకా తప్పలేదు. కుడిది అప్పుడప్పుడు రెండుసార్లు కొడుతుంది, దాన్ని నేను లెక్కచేయను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బొటనవేలు ఆనే చోట ఉన్న మెత్తటి రబ్బరు పూత రెండో వేసవికే బంకబంకగా తయారైంది. బతుకమ్మ పేర్చి చెయ్యి తుడుచుకోకుండా కూర్చుంటే తంగేడు పుప్పొడి దానికే అతుక్కుని పసుపు మచ్చ పోలేదు. శానిటైజర్ గుడ్డతో రుద్ది రుద్ది చివరికి పూతే తీసేశాను. లోపలి ప్లాస్టిక్కే నయం. ఇంకోసారి కొంటే రబ్బరు లేనిదే కొంటాను. కస్టమర్ల హార్డ్ డిస్క్ నీలం రంగు యూఎస్‌బీలో పెట్టినప్పుడు పక్కనే ఉన్న మౌస్ రిసీవర్ తడబడి బాణం గెంతుతుంది. ఆ నీలం యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద, వైర్‌లెస్ మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది కాబట్టి అలా అవుతుంది. ఒక చిన్న పొడిగింపు వైరు పెట్టి రిసీవర్‌ను బల్ల మీదికి తెచ్చుకున్నాను, పోయింది. వైరు వద్దనుకుని కొన్న మౌస్‌కు వైరు. చక్రం బాగుంది.

మరి కొనమంటానా? నాలాగే రోజంతా కుడి చేత్తో డిజైన్ పని చేస్తూ, ఒక్క రాత్రి ఆగినా అప్పు పడే వాళ్లయితే పక్క బటన్లున్నదే కొనండి, షార్ట్‌కట్ల కోసం కాకపోయినా. మా వదిన ఎడమచేతి వాటం, ఆమెకు ఈ ఆకారమే పనికిరాదు. వీడియోలు చూసుకోవడానికీ, కరెంటు బిల్లు కట్టుకోవడానికీ అయితే పదహారు వందలు ఎందుకు? మా ఎదురింటి అబ్బాయి ఆటల కోసం పక్కన పన్నెండు బటన్లున్నది తెచ్చుకున్నాడు. పట్టుకుని చూశాను, నా బొటనవేలికి క్యాలిక్యులేటర్ ఇచ్చినట్టుంది. వాడికి అదే ప్రాణం.

బాగుచేయించి రెండేళ్లు కావస్తున్నా వెనక బటన్‌ను నేను మళ్లీ కంట్రోల్ జడ్‌కు మార్చలేదు. పోయిన వారం మూడు వందల యాభై పెట్టి ఒక వైరు మౌస్ కూడా కొని సొరుగులో వేశాను. 2026 జనవరి చివర్లో మళ్లీ జాతర, ఆర్డర్లు మొదలయ్యాయి. మొన్న పదిహేను ఫోటోలు పట్టుకుని వచ్చింది అప్పటి ఆ చివరి తలకాయే. పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే అన్నాడు: "అక్కా, ఈసారి నన్ను నడిమిట్ల పెట్టు. వంగినా ఎవ్వలకు కానరాదు."