పాత టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణం: ఇరవై ఆరు టేపుల అనుభవం

ముందుగా అసలు సంగతి. కోఠీలో, ఎలక్ట్రానిక్స్ సామాను సందుల్లో, రెండో అంతస్తులో ఉన్న దుకాణం ఇది. లిఫ్టు లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మనవడినెవరినైనా వెంటబెట్టుకు వెళ్ళండి. పని మంచిది. అయినా అయిదు నక్షత్రాలివ్వను, నాలుగే. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద రాశాను. పేరు రాస్తే ఆ తగ్గిన నక్షత్రమే వాళ్ళ మెడకు చుట్టుకుంటుందని రాయడం లేదు.

నేను తీసుకెళ్ళినవి ఇరవై ఆరు టేపులు. పదకొండు యూమ్యాటిక్, పన్నెండు వీహెచ్ఎస్ (ఇళ్ళలో వీసీఆర్‌లో వేసేవి), మూడు హై8 (చేతి కెమెరాల చిన్న క్యాసెట్లు). యూమ్యాటిక్ అంటే ఈ కాలం వాళ్ళకి తెలియకపోవచ్చు. ముప్పావు అంగుళం వెడల్పు టేపు, పెద్ద క్యాసెట్ అయితే ఒక్కోటీ లావుపాటి నిఘంటువంత ఉంటుంది. నగరంలో నేను అడిగిన నాలుగు చోట్ల ముగ్గురు "అదేంటమ్మా?" అన్నారు. ఈ దుకాణం నడిపే భాయ్ మాత్రం చేతిలోకి తీసుకుని, తిరగేసి, అడుగున చూసి, "అన్నిటికీ ఎర్ర బొత్తాం పీకేశారేంటమ్మా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటతో బేరం ఆడకుండా టేపులు అప్పగించేశాను.

ఎర్ర బొత్తాం కథ చెప్పాలి. యూమ్యాటిక్ క్యాసెట్ అడుగున చిన్న ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. అది తీసేస్తే మళ్ళీ దాని మీద రికార్డు చెయ్యడం కుదరదు. నేను పిల్లల కార్యక్రమాలు తీసిన సంస్థలో టేపులకి ఎప్పుడూ కరువే. పోయిన ఏడాది కార్యక్రమం మీదే ఈ ఏడాదిది ఎక్కించేవాళ్ళు. ప్రసారమైపోయాక ఇంకెందుకూ అన్నది వాళ్ళ లెక్క. అందుకని నాకు నచ్చినవాటికి కత్తెర మొనతో బిళ్ళ పీకి, బీరువా వెనక దాచేదాన్ని. దొంగతనమే, ఒప్పుకుంటాను. పాత సామాను తూకానికి వేసిన రోజున వాటిని రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటినుంచీ మంచం కింద ట్రంకుపెట్టెలో, కలరా ఉండల మధ్య ఉన్నాయి. (కలరా ఉండలు వెయ్యొద్దట. టేపులు పడుకోబెట్టకూడదట, పుస్తకాల్లా నిలబెట్టాలట. ముప్పై ఏళ్ళు ఆలస్యంగా తెలిసింది.)

నేను ఈ పనిలోకి వచ్చింది 1975లో. అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో రెండు వేల నాలుగొందల పల్లెలకి టీవీ చూపించారు. మా నోళ్ళలో అది "సైట్". పొద్దున్న బడిపిల్లల కార్యక్రమం ఒక్కో భాషకి ఇరవై రెండున్నర నిమిషాలు. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం. ఆ అర నిమిషం కోసం ఎడిటింగ్ బల్ల దగ్గర తల బాదుకోవడమే నా మొదటి ఉద్యోగం. చిన్నప్పుడు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారి బాలానందంలో పాట పాడానని ఇంటర్వ్యూలో చెప్పాను. అందుకే తీసుకున్నారని నా అనుమానం. 1976 జులై ఆఖరున ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది. మరుసటేడు అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. ఆ సైట్ కార్యక్రమాల్లో నా దగ్గర ఒక్క అంగుళం టేపు కూడా లేదు. అప్పటికింకా కత్తెర పట్టడం రాలేదు.

తర్వాత మన సొంత ఉపగ్రహం ఇన్సాట్ రోజులు. పెట్టెలో ఉన్నవాటిలో ఎక్కువ అప్పటివే. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి ఇరవై నిమిషాలు, తొమ్మిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళకి ఇరవై, మధ్యలో చిన్నవాళ్ళు బయటికెళ్ళి పెద్దవాళ్ళు లోపలికి రావడానికి అయిదు నిమిషాలు. నేను బడులకి వెళ్ళి టీవీ పక్కన, పిల్లలకి ఎదురుగా కూర్చునేదాన్ని. తెరకేసి చూసేదాన్ని కాదు, వాళ్ళ మొహాలే చూసేదాన్ని. గోడ మీద బల్లి కేసి చూపు తిరిగిందంటే స్క్రిప్టులో ఆ చోట గీత కొట్టేదాన్ని. నాకు తెలిసిన దర్శకత్వమంతా ఆ బల్లి నేర్పిందే.

"ఎప్పుడూ పిల్లలవేనా, సినిమా ఎప్పుడు తీస్తావే?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా సాయి పరాంజపేగారి పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. ఆవిడా దూరదర్శన్ నుంచి వచ్చినావిడే. బాలల చిత్ర సమితికి "జాదూ కా శంఖ్", "సికందర్" తీశారు, డాక్యుమెంటరీలు తీశారు, "స్పర్శ్", "చష్మే బద్దూర్" తర్వాతి సంగతి. నాకు ఆ తర్వాతిది రాలేదు. దాని గురించి ఈ మధ్య బాధ లేదు.

సరే, దుకాణం సంగతి. యూమ్యాటిక్‌కి టేపుకి తొమ్మిది వందలు, మిగతావాటికి మూడు వందల యాభై. బూజు పట్టినవాటిని తుడవడానికి టేపుకి రెండు వందల యాభై అదనం, నావి నాలుగు అలా ఉన్నాయి. పది రోజులన్నారు, ఇరవై మూడు రోజులు పట్టింది. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తలేదు. అడిగితే, "టేపు నడుస్తుంటే దాని పక్కనుంచి కదలకూడదమ్మా, టేపుని చదివే హెడ్డు మీద మురికి చేరితే బొమ్మ పోతుంది" అన్నాడు దుకాణంలో పనిచేసే కుర్రాడు. అది నిజమే కాబట్టి కోప్పడలేదు.

ఒక యూమ్యాటిక్ టేపు కీచుమని అరిచింది. టేపు మీది జిగురు తేమ పీల్చి హెడ్డుకి అంటుకోవడం మొదలుపెడితే అలాగే అరుస్తుంది. భాయ్ దాన్ని సన్నటి వేడిలో గంటల తరబడి ఆరబెట్టాడు. తరువాత కూడా మూడు నిమిషాల పదకొండు సెకన్లే వచ్చింది. అందులో నిమిషం రంగుపట్టీలు, పది సెకన్లు వెనక్కి లెక్కపెట్టే అంకెలు, కాసేపు టైటిలు. మిగిలిన కొసరులో ఒక పిల్లాడు లావు గ్లాసులోంచి సన్న గ్లాసులోకి నీళ్ళు వంచి, ఎందులో ఎక్కువున్నాయో చెప్పబోతున్నాడు. చెప్పకుండానే ఆగిపోయింది. దానికి డబ్బు తీసుకోలేదు. మొత్తం బిల్లు పదిహేను వేల రెండు వందల యాభై.

ఇక తగ్గిన నక్షత్రం.

మొదట ఇచ్చినవి ఎంపీ4 ఫైళ్ళు. చూడ్డానికి నీటుగా ఉన్నాయి. ఆ నీటుదనమే నాకు నచ్చలేదు. ప్రతి టేపుకీ ముందూ వెనకా "ఖాళీ" అని కత్తిరించేశారు. అడక్కుండా! ఏడో నంబరు టేపు 1987లో అనంతపురం జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట మీద తీసింది. మేక తోలు మీద రంగులద్ది, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. అప్పటి కెమెరాల్లో ట్యూబులుండేవి. దీపం కదిలితే దాని వెనక తోకచుక్కలా వెలుగు సాగుతుంది, కాసేపటికిగానీ పోదు. కుర్రాడు దాన్ని టేపు దోషమనుకుని కంప్యూటర్లో సరిచెయ్యబోయాడట. "నాయనా, అది లంకాదహనం, ఆ తోకని ముట్టుకోకు" అన్నాను. ఆ రోజు షూటింగ్‌లో ఆ సాగిన వెలుగు చూసి కెమెరామన్ మళ్ళీ తీద్దామన్నాడు. నేనే వద్దన్నాను. హనుమంతుడి తోక మంట గాలిలో నిలిచిపోయినట్టుంది కదా, అంతకన్నా ఏం కావాలి?

ఆ టేపు చివర నలభై సెకన్లు ఉండాలని నాకు గుర్తు. పొద్దుటినుంచీ శబ్దానికి కోళ్ళు అడ్డమొస్తున్నాయి. నేను ప్రతి షాటుకీ ముందు అరుస్తున్నాను. చివరి షాటుకి కట్ అన్నాక కెమెరామన్ ఆపడం మరిచిపోయాడు. బొమ్మలాయన మనవరాలు, ఏడేళ్ళుంటాయేమో, తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క బొమ్మని చేతిలోకి తీసుకుని, దాని చెయ్యి పైకెత్తించి, అచ్చం నా గోదావరి యాసలో "సైలెన్సూ! ఆ కోళ్ళని తోలండర్రా బాబూ!" అంటుంది. అంతా నవ్వుతారు. నవ్వులో నా గొంతు కూడా ఉంటుంది. నా కార్యక్రమాలన్నిట్లో నా గొంతున్నది అదొక్కటే.

దుకాణం వాళ్ళిచ్చిన ఫైల్లో అది లేదు. "కార్యక్రమం అయిపోయింది కదా మేడమ్" అన్నాడు కుర్రాడు. ఎవర్ననాలి? బీరువా వెనక దాచాల్సి వచ్చిన రోజుల్లో కూడా ఇదే మాట విన్నాను.

అదృష్టంకొద్దీ టేపుల నుంచి మొదట నేరుగా పట్టిన, కత్తిరించని పెద్ద ఫైళ్ళు వాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయి. గంటకి పదమూడు జీబీ చొప్పున, పన్నెండు గంటల పైచిలుకుకి నూట అరవై జీబీ. నా హార్డ్‌డిస్కులోకి అన్నీ ఎక్కించి ఇచ్చారు, అదనంగా అడగలేదు. మీరు వెళ్తే మొదటే చెప్పండి: కత్తిరించొద్దు, రంగు దిద్దొద్దు, కదిలే బొమ్మ అంచుల్లో కనిపించే అడ్డగీతలు సాపు చెయ్యొద్దు, ముందు పట్టిన ఫైలు అలాగే కావాలి, ఎంపీ4 తర్వాత. సాపు చేసిన ఫైళ్ళలో ఉయ్యాల ఊగుతున్న పిల్లకి నాలుగు కాళ్ళు కనిపించాయి నాకు.

వీహెచ్ఎస్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగానే వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమం మీద తీసిన డాక్యుమెంటరీ కాపీ ఒకటుంది. 1992లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ మొదలైన మాటలు సారా వేలంపాటల్ని ఆపేదాకా వెళ్ళాయి, మరుసటేడు అక్టోబరులో సారాయే ఆగింది. టేపులో శబ్దం ఎడమ స్పీకర్లోనే ఉంటే భాయ్ అడిగి మరీ రెండిట్లోకీ వచ్చేలా చేశాడు. ఆ రోజు దుకాణంలో గిరాకీ ఉన్నా అరగంట కదలకుండా చూశాడు. చూశాక, "ఆ లాంతరు పట్టుకున్నామె ఏమైందమ్మా?" అన్నాడు. తెలీదన్నాను. డాక్యుమెంటరీ తీసేవాళ్ళం వెనక్కి వెళ్ళేది తక్కువ.

హై8 మూడూ 1995లో అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం హైదరాబాద్ వచ్చినప్పటివి. థియేటర్ బయట బడి యూనిఫారాల వరసలు తప్ప ఏమీ లేవు. అవి చేయించకపోయినా పోయేది.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూస్తారు. రసీదు మీద ఎన్ని టేపులో అంకెల్లో కాకుండా ఒక్కోదాని పేరు రాయించుకోండి. కార్డు తీసుకోరు, ఫోన్‌తో చెల్లించవచ్చు. రెండోసారి వెళ్ళినప్పుడు మెట్ల మీద ఉండగానే పైనుంచి గిరాకీల గోల, దాని మీదుగా ఆ కుర్రాడి అరుపు వినిపించాయి: "కోళ్ళని తోలండర్రా బాబూ!"