ఖాన్ అకాడమీ: తల్లిదండ్రులకు ఏ మేరకు ఉపయోగం?
లాభాపేక్ష లేని సంస్థగా 2008లో మొదలైన ఆన్‌లైన్ చదువుల వేదిక ఖాన్ అకాడమీలో పాఠాలు ఉచితం, ప్రకటనల బెడద లేదు. అయితే పెద్దలకు వీడియోలకంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది తల్లిదండ్రుల ఖాతా అని నా అభిప్రాయం. పిల్లల ఖాతాను దానికి జతచేస్తే వారు ఏ అభ్యాసం చేశారో, ఏ అంశంలో పట్టు సాధించారో, ఎక్కడ తడబడుతున్నారో కనిపిస్తుంది కాబట్టి, "చదివావా?" అని గద్దించే బదులు, భిన్నాల కూడికలో చిక్కు ఎక్కడ వచ్చిందో పక్కన కూర్చుని నెమ్మదిగా అడగవచ్చు. లెక్కల అభ్యాసాల్లో సూచనలు అంచెలంచెలుగా రావడం నాకెంతో నచ్చింది. ఎప్పుడో మరచిపోయిన పద్ధతులను పెద్దలు కూడా వాటితోనే గుర్తుచేసుకోగలరు. 2 నుంచి 8 ఏళ్ల చిన్నారులకు ఖాన్ అకాడమీ కిడ్స్ అనే వేరే యాప్ ఉంది. నోటుపుస్తకంలో లెక్క చేసిన తీరును మాత్రం తల్లిదండ్రులే చూడాలి.