చింగ్‌మింగ్ నాడు కాగితం కాల్చాలా, రాయి కింద పెట్టాలా, పూలతో సరిపెట్టాలా?

చైనీయులు పెద్దల సమాధులు బాగుచేసి నైవేద్యం పెట్టే చింగ్‌మింగ్ పండుగ ఏప్రిల్ 4, 6 తేదీల మధ్య వస్తుంది. మన మహాలయంలా తిథిని బట్టి కాదు, సూర్యగమనాన్ని బట్టి. పండుగ దగ్గర పడేకొద్దీ చాలా ఇళ్లలో ఒకటే తర్జనభర్జన: పోయినవాళ్లకు పరలోకంలో అందుతుందని పంపే కాగితపు డబ్బు (నిజమైన నోట్లు కావు) సమాధి దగ్గర కాల్చాలా, కాల్చకుండా సమాధిమీద రాయి బరువుతో ఉంచాలా, లేక చామంతులు పెట్టి వచ్చేయాలా? కొండవాలులో మట్టి సమాధి అయితే రాయి కింద పెట్టడమే మేలు. దహనం తర్వాత అస్థికలు ఉంచే గూడైతే పూలు. కాల్చి తీరాలనుకుంటే ఇందుకోసం కొలిమి కట్టి ఉన్న చోటే కాల్చాలి.

పద్ధతి ఏదైనా ముందు పని మారదు. గడ్డి కోసి, వేర్లు పెకలించి, ఫలకంమీద వెలిసిన అక్షరాలకు రంగు వేయాలి. సమాధి పక్కన ఉండే చిన్న రాయి ఆ నేలకు కావలి దేవుడిది. ముందు ఆయనకు అగరుబత్తులు వెలిగించాకే పెద్దలకు. ఈ వరస తప్పితే, అనుమతి అడగకుండా ఒకరి స్థలంలోకి వచ్చినట్టే లెక్క. ఆ తర్వాత టీ, సారా, ఉడికించిన కోడి, పంది మాంసం, పళ్లు. తైవాన్‌లో జామ, టమాటా పెట్టరు. వాటి గింజలు అరగకుండా బయటికి వస్తాయి కాబట్టి అశుద్ధమంటారు. సీతాఫలం బుద్ధుడి తలలా ఉంటుందని దాన్నీ పెట్టరు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చడం చావింటి గుర్తు. మామూలు భోజనంలో ఎవరూ అలా చేయరు.

ఇక కాల్చడం. దీని బలం ఏమిటంటే, పంపాల్సింది పంపేశామన్న తృప్తి కళ్లెదుటే దొరుకుతుంది. కానీ సరిగా కాల్చేవాళ్లు తక్కువ. కట్టను కట్టగానే మంటలో పడేస్తే గాలి ఆడక అంచులు మాడి, మధ్య కాగితం అలాగే మిగిలిపోతుంది. అప్పుడు కర్రతో కెలకాలనిపిస్తుంది. కెలికితే నోట్లు చిరిగి పరలోకంలో చెల్లవని నిషేధం. అది పాటించాలంటే ముందురోజే కట్టలు విప్పి, ఒక్కో కాగితాన్ని కాస్త వంచి వదులుగా పేర్చుకోవాలి. అడుగున చిల్లులున్న ఇనుప డబ్బాలో కొద్దికొద్దిగా వేస్తే పొగా తగ్గుతుంది, ఎగిరే నిప్పుముక్కలూ తగ్గుతాయి. డబ్బుతోపాటు కాల్చే కాగితపు కార్లకూ ఇళ్లకూ ప్లాస్టిక్ కిటికీలు అంటించి ఉంటే ముందే పీకేయండి.

అసలు ప్రమాదం చివర్లో ఉంది. నీళ్లు పోస్తే డబ్బు పాడవుతుందని బూడిదను అలాగే వదిలి కొండ దిగిపోతారు. పైకి తెల్లగా చల్లారినట్టున్నా లోపల నిప్పు ఉంటుంది, గాలి వీస్తే ఎండుగడ్డి అంటుకుంటుంది. హాంకాంగ్ కొండలమీద చింగ్‌మింగ్‌కూ, చైనా పంచాంగంలో తొమ్మిదో నెల తొమ్మిదిన మళ్లీ సమాధులకు వెళ్లే చోంగ్‌యాంగ్‌కూ కార్చిచ్చుల భయం అందుకే. కాగితం పూర్తిగా కాలాక నీళ్లు పోయండి. పంపాల్సింది అప్పటికే చేరినట్టు, దోషమేమీ లేదు. చట్టం సంగతీ చూసుకోవాలి. చైనాలో 1997 నాటి అంత్యక్రియల నిబంధనలు మూఢనమ్మకాల సామగ్రి తయారీని, అమ్మకాన్ని నిషేధించాయి. 2024లో చింగ్‌మింగ్‌కు ముందు నాన్‌తోంగ్ నగరం కాగితపు డబ్బుపై అలాంటి ఉత్తర్వే ఇస్తే దేశమంతా వాదం నడిచింది.

రాయి కింద పెట్టే పద్ధతి చైనాలోని ఫూజియన్, తైవాన్ వైపు బాగా వాడుకలో ఉంది. పసుపు రంగువో ఐదు రంగులవో కాగితాలు రెండు మూడు కలిపి మడిచి, సమాధి దిబ్బమీద అక్కడక్కడా ఉంచి, ఒక్కోదానిమీద పిడికెడంత రాయి పెడతారు. పెద్దల ఇంటి కప్పుకు కొత్త పెంకులు వేసినట్టని భావన. కాగితం కనిపించని సమాధిని వారసులు లేనిదిగా జనం అనుకుంటారు. రాయి చిన్నదైతే గాలికి కాగితం పక్క సమాధిమీద పడుతుంది, అది మర్యాద కాదు. రంగు కాగితం వానకు తడిసి రంగు వదులుతుంది, అందుకే పాలరాతి ఫలకానికి తగలకుండా మట్టిమీదే ఉంచడం మంచిది.

“కాల్చకపోతే అందదు” అనే పెద్దలకు చెప్పాల్సిన మాట ఒకటుంది. చింగ్‌మింగ్‌కు ముందురోజు వచ్చే చల్లటి భోజనాల పండుగలో పూర్వం నిప్పు వెలిగించడమే నిషేధం. తాంగ్ వంశపు చక్రవర్తి షువాన్‌జోంగ్ 732లో సమాధి దర్శనాన్ని అధికారిక ఆచారంగా చేర్చింది ఆ పండుగకే. ఆ పండుగకు మూడురోజులు నిప్పే లేనప్పుడు డబ్బు పాతాళానికి ఎలా చేరుతుందన్న ప్రశ్న ఆ కాలపు కవిత్వంలోనే ఉంది. కాల్చకుండా కాగితం ఇవ్వడం ఈనాటి సర్దుబాటు కాదు.

పూలు నగరాలకు సరిపోతాయి. సింగపూర్‌లో 1998 నుంచి ఖననానికి 15 ఏళ్లే గడువు. ఆ తర్వాత చైనీయుల అవశేషాలను తవ్వి తీసి దహనం చేస్తారు, అస్థికలు గూటికి చేరతాయి. అక్కడ మంటకు చోటే ఉండదు. తెల్ల, పసుపు చామంతులు తీసుకెళ్లండి, ఎర్రవి వద్దు. చుట్టిన ప్లాస్టిక్ తీసేయండి. కూజాలో నీళ్లు నిలవుంటే దోమలు పెరిగి డెంగీ వస్తుంది, అందుకని ఇసుక నింపి గుచ్చండి. ఇంత సాదాగా చేస్తే భక్తి తగ్గుతుందని భయపడక్కర్లేదు: తైపేలోని శింగ్‌తియాన్ గుడి 2014 ఆగస్టు 26 నుంచి అగరుబత్తులే మానేసింది, భక్తులు చేతులు జోడించి మొక్కుకుంటున్నారు.

ఆన్‌లైన్ నివాళి కోవిడ్ వేళ ఆదుకుంది, దూరదేశాల్లో ఉన్నవాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. గడ్డి కోయడం మాత్రం దానివల్ల కాదు.

మంట అందరికీ కనిపించేది ఏడో నెల పౌర్ణమికి, చోంగ్‌యువాన్‌కు. ఆకలితో అలమటించే తల్లికి అన్నం అందించిన బుద్ధశిష్యుడు మౌద్గల్యాయనుడి కథ ముడిపడ్డ పండుగ అది. సింగపూర్‌లోని తెలుగువాళ్లు అపార్ట్‌మెంట్ల కింద ఇనుప డబ్బాల్లో కాగితం మండుతూ ఎక్కువగా చూసేది ఆ నెలలోనే. సమాధీ వారసులూ లేని ఆత్మలకు చేరాలి కాబట్టి బయట కాల్చడానికి అర్థముంది. తైవాన్ లెక్కలో బంగారు రేకు కాగితం దేవుళ్లకు, వెండిది పెద్దలకూ తిరిగే ఆత్మలకూ. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: మెరుపు బాగుందని ఆత్మలకు బంగారం కాలుస్తారు.

ఇంట్లో రెండు మాటలుంటే రెండూ నెరవేర్చవచ్చు. సమాధిమీద కాగితం రాళ్ల కింద పెట్టండి, కాల్చాల్సిన కట్టలు మాత్రం కిందికి తీసుకెళ్లి శ్మశానం కొలిమిలో వేయండి. తైవాన్‌లో చాలా నగరాలు ఆ కట్టలు సేకరించి దహనశాలలో ఒకేసారి కాలుస్తాయి. ఎవరికో తెలిసేలా కట్టమీద పోయినవారి పేరు రాయడం మరవకండి.