పాత కారు స్టీరింగ్ వణుకుతుంటే: విశాఖలో బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ప్యాకేజీపై సమీక్ష

పదేళ్లు దాటిన కారు స్టీరింగ్ వణుకుతోందని చెబితే విశాఖలో ఎక్కువగా వినిపించే జవాబు ఇదే: "అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించేయండి సార్, పోద్ది." గాజువాక ఆటోనగర్ నుంచి మద్దిలపాలెం, మధురవాడ దాకా టైర్ షాపుల్లో ఈ రెండింటినీ కలిపి ఒకే ప్యాకేజీగా చేస్తారు. అందులో బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్‌కి చిన్న వెయిట్లు కొట్టడం, వణుక్కి అసలైన మందు, అది కూడా ఒక రకం వణుక్కి మాత్రమే. అలైన్‌మెంట్ చేసే పని వేరు. కారు ఒక పక్కకి లాగుతుంటే, టైరు ఒక అంచునే అరుగుతుంటే, తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతుంటే అది కావాలి. ఆల్టో, జెన్, శాంత్రో లాంటి పాత చిన్న కార్లలో ముందు చక్రాలకు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్ప సర్దడానికి పెద్దగా ఇంకేమీ ఉండదు. టో సరిచేసినంత మాత్రాన ఊగే చక్రం ఊగడం మానదు.

కాబట్టి షాపుకి వెళ్లే ముందు ఒకసారి బండి నడిపి చూడాలి. ఊరి లోపల ట్రాఫిక్‌లో ఈ పరీక్ష కుదరదు. ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రోడ్డు దీనికి బాగుంటుంది. పొద్దున్నే, నాలుగు టైర్లలో గాలి సరిచూసుకుని, 60 నుంచి మెల్లగా 100 దాకా వెళ్లండి. వణుకు 80 దగ్గర మొదలై 90, 95 మధ్య ముదిరి, ఆ పైన కాస్త తగ్గితే బ్యాలెన్స్ తప్పిందని గట్టిగా అనుమానించవచ్చు. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటూ ఫ్లోరూ వణికితే వెనక చక్రాలు. 20, 30 వేగంలోనే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతుంటే అది బ్యాలెన్స్ కాదు, టైరు లోపల బెల్టు (ఉక్కు తీగల పొర) విడిపోయిందో రిమ్ వంగిందో చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వణికి, కాలు తీయగానే ఆగిపోతే యాక్సిల్ లోపలి జాయింట్‌ని చూడాలి. బ్రేకు వేసినప్పుడే వస్తే డిస్కులు. బండి నిలబడి ఉండగా, ఏసీ వేయగానే వణికితే చక్రాల జోలికే పోవద్దు, ఇంజిన్ మౌంటింగులు చూపించండి.

కొద్ది గ్రాములు ఇంత గోల చేస్తాయా అని అడిగేవాళ్లు ఎక్కువ. లెక్క చూడండి. ఆల్టోకి 145/80 ఆర్ 12 టైరు. గంటకి 90 కిలోమీటర్ల దగ్గర ఆ చక్రం సెకనుకి దాదాపు 15 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున 30 గ్రాముల బరువు తేడా ఉంటే ఆ వేగంలో సుమారు 4 కిలోల బలం తిరిగిన ప్రతిసారీ చక్రాన్ని గుంజుతుంది. 45 వేగంలో అదే తేడా ఒక్క కిలో బలమే చూపిస్తుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. అందుకే సిటీలో బాగున్న కారు హైవే ఎక్కగానే వణుకుతుంది.

ఇక బ్యాలెన్సింగ్ పని నాణ్యత. మెషిన్ కంప్యూటరైజ్డ్ అని బోర్డు ఉంటే సరిపోదు, దాని ముందు నిలబడే మనిషి చేతిలోనే అంతా ఉంది. చక్రం ఎక్కించే ముందు పాత వెయిట్లన్నీ పీకాలి, రిమ్ లోపలి వైపు అంటుకున్న మట్టి గీకాలి, ట్రెడ్‌లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. పాత వెయిట్ల మీదే కొత్తవి కొట్టుకుంటూ పోయే షాపు నుంచి బండి వెనక్కి తెచ్చేయడమే మంచిది. చక్రాన్ని మధ్య రంధ్రంలో కోన్ పెట్టి బిగించాలి. రిమ్ దూరం, వెడల్పు, సైజు ప్రతి కారుకీ కొత్తగా కొట్టాలి. ముందు బండికి పెట్టిన సైజుతోనే తిప్పేస్తే తెర మీద సున్నా వచ్చినా రోడ్డు మీద రాదు.

ఆ సున్నాని పరీక్షించే ఉపాయం ఒకటుంది. రెండు వైపులా సున్నా చూపించాక, చక్రాన్ని వదులు చేసి, షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి ఒకసారి తిప్పమనండి. మళ్లీ సున్నానో, మహా అయితే 5 గ్రాములో వస్తే పని బాగున్నట్టు. 15, 20 గ్రాములు చూపిస్తే చక్రం మధ్యకి కూర్చోలేదు, లేదా మెషిన్‌కి క్యాలిబ్రేషన్ పోయింది. నిమిషం పట్టే పని ఇది. మంచి షాపువాళ్లు అడగ్గానే చేసి చూపిస్తారు, విసుక్కునేచోట మిగతా పని కూడా అలాగే ఉంటుంది.

చిన్న చక్రానికి ఒకవైపే 60, 70 గ్రాములు అడుగుతుంటే వెయిట్లు కొట్టించుకుని సంతోషపడొద్దు. చక్రం మెషిన్ మీద తిరుగుతున్నప్పుడు పక్కనుంచి కళ్లతో చూడండి. ట్రెడ్ పైకీ కిందకీ ఎగురుతోందా, రిమ్ అంచు పక్కలకి ఊగుతోందా? రిమ్ తిన్నగా ఉండి టైరు ఎగురుతుంటే, గాలి తీసి టైరుని రిమ్ మీద సగం చుట్టు తిప్పి ఎక్కించమనండి. చాలాసార్లు వెయిట్ సగానికి పడిపోతుంది. అయినా ఎగురుతుంటే ఆ టైరు పనికిరాదు. టైరు పక్క గోడ మీద ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి: 2317 అంటే 2017లో 23వ వారం. ట్రెడ్ ఎంత మిగిలినా ఆరేళ్లు దాటిన టైరుని అనుమానంగానే చూడాలి. కొత్త టైరు కొనేముందు స్టెప్నీ బాగుంటే దాన్ని ముందు చక్రాలకి ఒక్కొక్కదాని స్థానంలో మార్చి నడపండి. ఎక్కడ మారిస్తే వణుకు పోయిందో అదే దోషి. దీనికి పైసా ఖర్చు లేదు.

బయట కొన్న అల్లాయ్ వీల్స్ ఉంటే ఇంకో తిరకాసు ఉంది. మారుతి చిన్న కార్ల హబ్ (చక్రం ఎక్కి కూర్చునే మధ్య భాగం) వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. బజారు అల్లాయ్‌లకు మధ్య రంధ్రం చాలావాటికి 67.1 లేదా 73.1. మధ్యలో రింగు లేకపోతే చక్రం నట్ల మీదే వేలాడుతుంది. మెషిన్ మీద కోన్ దాన్ని చక్కగా మధ్యలో నిలబెడుతుంది కాబట్టి అక్కడ తప్పు కనపడదు, కారుకి ఎక్కాక వణుకు వస్తుంది. హబ్ రింగులు అడిగి వేయించుకోవాలి.

విశాఖలో ప్రత్యేకంగా చూడాల్సింది తుప్పు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వైపు ఆరుబయట పెట్టే కార్లకు ఉప్పుగాలి వల్ల హబ్ ముఖం మీద తుప్పు పొరలుగా లేస్తుంది. చక్రం గానీ డిస్కు గానీ ఆ పొర మీద కూర్చుంటే తిన్నగా కూర్చోదు. చక్రం విప్పినప్పుడు హబ్‌నీ రిమ్ వెనక భాగాన్నీ వైర్ బ్రష్‌తో గీకించండి. ప్యాకేజీలో ఈ పని ఉండదు, అడిగితేనే చేస్తారు.

బ్రేకు వేసినప్పుడు వచ్చే వణుకుని అందరూ "డిస్కు బెండ్" అంటారు. నిజానికి ఎక్కువసార్లు డిస్కు వంగదు, ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అరుగుతుంది. నెలల తరబడి కదలని కారులో ప్యాడ్ ఆనిన చోట తుప్పు మచ్చ పడుతుంది. సింహాచలం కొండో అరకు ఘాటో దిగి, కాలుతున్న డిస్కు మీద పెడల్ అదిమిపెట్టి నిలబడితే ప్యాడ్ పదార్థం అక్కడే అంటుకుంటుంది. తిరిగేటప్పుడు డిస్కు పక్కలకి ఎంత ఊగుతోందో కొలవాలంటే డయల్ గేజ్ కావాలి. ఊగు 0.1 మిల్లీమీటర్ దాటితే చాలు, పెడల్‌లో తెలుస్తుంది. లేత్ మీద డిస్కు ఫేసింగ్ చేయించవచ్చు, కానీ డిస్కు మీద ముద్రించిన కనీస మందం కన్నా తగ్గకూడదు. దానికి దగ్గరలో ఉంటే రెండువైపులా కొత్త డిస్కులూ ప్యాడ్లూ వేయించడమే సరి.

చక్రాలూ డిస్కులూ బాగుండీ వణుకు పోకపోతే జాకీ ఎత్తి స్టాండు మీద నిలిపి ఆట, అంటే జాయింట్లలో వదులు, చూడాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడితే బేరింగ్ లేదా బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆడితే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్. లోయర్ ఆర్మ్ బుష్‌లను రాడ్‌తో ఎత్తి చూడాలి, చిరిగిన రబ్బరు చేతికి తెలియదు. ఇవి అరిగితే వాటంతట అవే హైవే వణుకుని పుట్టించడం అరుదు. చక్రంలో ఉన్న చిన్న తేడాని స్టీరింగ్ దాకా పెద్దది చేసి తెస్తాయి. కొత్త కారులో తెలియని 10 గ్రాములు పాత కారులో చేతులు తిమ్మిరెక్కించేది అందుకే.

బిగింపు దగ్గర చాలాచోట్ల పని పాడవుతోంది. ఇంపాక్ట్ గన్‌తో ఒక నట్టు విరిగేంత, పక్కది వదులుగా బిగిస్తారు. నట్లని ఎదురెదురుగా చేతితో ఎక్కించి, చక్రం నేల మీద ఆనాక టార్క్ రెంచ్‌తో ముగించమనండి. చిన్న కార్లకు మాన్యువల్ చెప్పేది సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోవాలి.

బ్యాలెన్సింగ్‌కి నాలుగు చక్రాలూ చేయించండి, డబ్బుకు తగ్గ పని. చాలాచోట్ల వెయిట్లకు గ్రాముల లెక్కన విడిగా తీసుకుంటారు కాబట్టి బిల్లులో ఎన్ని గ్రాములు పడ్డాయో చూడండి, మీ రిమ్ములు ఎంత బాగున్నాయో అదే చెబుతుంది. అలైన్‌మెంట్‌ని మాత్రం ఆపి ఉంచండి. టై రాడ్ ఎండ్లో ఆర్మ్ బుష్‌లో మారిస్తే టో ఎలాగూ మారుతుంది. ఆ రోజే చేయించాలి, ముందు చేయించింది వృథా.